రెండు పేజీల ఏడాది

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే నేను ఇంట్లో ఎవరికీ అందేవాణ్ణి కాదు. ఆ ఏడాది డైరీ ముందేసుకుని, జనవరి నుంచి తిరగేస్తూ, ముఖ్యమనిపించినవి ఏరి, తెల్లకాగితాల మీద రెండు పేజీల సమీక్ష రాసేవాణ్ణి. సాధించినవి, సాధించలేకపోయినవి, నేర్చుకున్నవి, వచ్చే ఏడు చెయ్యవలసినవి అని నాలుగు శీర్షికలు. కొట్టివేతలుంటే మళ్లీ మొదటి నుంచి రాసి, ఫైలులో పెట్టి, అప్పుడు గాని స్నానానికి లేచేవాణ్ణి కాదు. నాకు డైరీ రాసే అలవాటు నిలిచిందంటే ఆ సమీక్ష వల్లే. నేను బడిపంతుల్ని, మార్చి వచ్చేసరికి పరీక్షల హడావుడిలో చెయ్యి ఆగిపోయేది. మళ్లీ ఎప్పుడో ఒక రాత్రి, డిసెంబరులో ఏం రాస్తావని నన్ను నేనే ప్రశ్నించుకుని, పెన్ను తీసేవాణ్ణి. ఏడాది చివర ఒకసారి కూర్చుని వెనక్కి చూసుకునే పని లేకపోతే నా డైరీలన్నీ ఉగాదికి ముందే ఆగిపోయేవి.

అంత మేలు చేసిన పనినే పట్టుకుని నేను చేసిన మూర్ఖత్వం చెప్పాలి.

సమీక్ష రాశాక డైరీతో ఇంక పని లేదనుకునేవాణ్ణి. మాది చెరకు ఆడే ఊరు. రసం దిగాక మిగిలేది పిప్పి అన్న భావం చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఉంది. ఏడాది సారమంతా రెండు పేజీల్లోకి దిగింది కదా, మిగిలిన మూడు వందల పైచిలుకు పేజీలు ఎందుకని, సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు విరిగిన కుర్చీ కోళ్లతో, చిరిగిన చాపలతో పాటు ఆ డైరీని కూడా భోగి మంట కోసం బయట పెట్టేవాణ్ణి. పాతవి వదిలించుకోవడానికే కదా భోగి అనేవాణ్ణి. అలా ఒక ఏడాది కాదు, ఏటా. రెక్సిను అట్టతో కుట్టిన డైరీ మంటలో వేస్తే చప్పున కాలదు. అంచులు నల్లబడి లోపల పేజీలు అలాగే ఉంటాయి. అందుకని అట్ట పీకేసి, పేజీలు గుత్తులు గుత్తులుగా చింపి వేసేవాణ్ణి. పిల్లలు పిడకల దండలు పట్టుకుని పక్కనే నిలబడి ఉండేవాళ్లు. మంట వెలుగులో నా దస్తూరీ నాకు కనిపించేది. కొన్ని మాటలు చదవగలిగేవాణ్ణి కూడా. అయినా చెయ్యి ఆగలేదు.

ఎందుకు ఆగలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ పేజీల్లో ఉన్న మనిషి నాకు నచ్చేవాడు కాదు. పాలవాడు లీటరుకి రెండు రూపాయలు పెంచాడని ఒక రోజంతా కుతకుతలాడినవాడు, తోడల్లుడు కొత్త బండి కొన్నాడని రాత్రి నిద్ర పోనివాడు, తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి అకారణంగా కొట్టి సాయంత్రం దాకా బాధపడినవాడు అందులో ఉన్నాడు. రెండు పేజీల సమీక్షలో ఉన్న మనిషి వేరు. ఆయన నెమ్మదస్తుడు, పుస్తకాలు చదివేవాడు, లోపాలు కూడా హుందాగా ఒప్పుకునేవాడు. పిల్లలు పెద్దయ్యాక చదివితే ఆ రెండోవాడే తమ తండ్రి అనుకోవాలని నాకు ఆశ. ఇంకో కారణం కూడా ఉంది. బడి వార్షికోత్సవంలో చదివే నివేదిక తయారుచెయ్యడం చాలా ఏళ్లు నా పనే. విజయవంతంగా ముగిసినది, సంతృప్తికరంగా ఉన్నది, కృషి కొనసాగుతున్నది అనే భాష చేతికి అలవాటైపోయింది. అతిథుల ముందు చదివే కాగితానికి ఆ భాష సరే. అదే భాషతో నా ఇంటి ఏడాదిని కూడా నింపాను.

మా నాన్నకి శుక్లం ఆపరేషన్ అయిన ఏడాది సమీక్షలో ఆ సంగతికి ఒకటే వాక్యం ఉంది: నాన్నగారి కంటి ఆపరేషన్ విజయవంతంగా జరిగింది.

అంతే. ఆ కాగితం ఇప్పటికీ ఫైలులో ఉంది.

నాన్న పోయాక, ఏడూడి కార్యక్రమాలు కూడా అయిపోయాక, ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పిలిచి, "ఏరా, ఆస్పత్రిలో కట్టు విప్పిన రోజు మీ నాన్న ఏదో అన్నారు కదా, అందరం నవ్వాం. ఆ రాత్రి నువ్వు వరండాలో కూర్చుని రాసుకున్నావు, నేను చూశాను. అది తీసి ఒకసారి చదువు" అంది. నేను గదిలోకి వెళ్లాను. ఆ పేజీ లేదని తెలుసు. తెలిసి కూడా బీరువా తెరిచి, ఫైలు తీసి, ఆ ఏడాది సమీక్ష పట్టుకుని నిలబడ్డాను. విజయవంతంగా జరిగింది అన్న వాక్యం అమ్మకి ఎలా చదివి వినిపించను? బయటికి వచ్చి, డైరీ కనిపించడం లేదమ్మా అన్నాను. దొరికాక చదువులే అంది. ఆ అబద్ధంతో వారం రోజులు తిరిగి, చివరికి భోగిలో వేసేశానని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. కాసేపయ్యాక, అన్నీనా అని అడిగింది. అన్నీ అన్నాను.

ఆ రాత్రి ఏం రాశానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. వరండా దీపం, దోమలు, పెన్ను సరిగ్గా రాయకపోవడం గుర్తున్నాయి. నాన్న మాట గుర్తు లేదు. రాసి పెట్టుకున్నాను కదా అన్న ధీమాతోనే మనసు ఆ మాటను వదిలేసింది కాబోలు. రాసుకోకపోయి ఉంటే కనీసం అప్పుడప్పుడు తలుచుకునేవాణ్ణేమో.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' నా చేతికి వచ్చింది. పేరు ఎప్పటి నుంచో తెలుసు, చదవడం అదే మొదలు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారి పొడవునా రాసుకున్నాడు. రాసినది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి పంపేవాడు. వీరాస్వామయ్య పోయాక ఆ మిత్రుడే 1838లో దాన్ని అచ్చు వేయించాడు. ఇందులో ఏముందంటే, ఈ ఊరికి ఆ ఊరు ఇంత దూరం, దారి ఇలాంటిది, నీళ్లు ఫలానా చోట దొరుకుతాయి, ఈ మజిలీలో సామాన్లు దొరుకుతాయి, ఆ మజిలీలో దొరకవు. పేజీ తరవాత పేజీ ఇదే. నేనైతే దాన్నంతా పక్కన పెట్టి, కాశీయాత్ర నిర్విఘ్నంగా ముగిసినది, విశ్వేశ్వర దర్శనం చేసుకున్నాము అని రెండు పేజీలు రాసి మిగతాది భోగిలో వేసేవాణ్ణి. ఆ ఆలోచన వచ్చినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కదల్లేకపోయాను. రైలు రాకముందు ఈ దేశంలో మనిషి ఎలా నడిచాడో, ఎక్కడ ఆగి వంట చేసుకున్నాడో మనకి తెలిసిందంటే, ఆ మనిషి నీళ్లబావుల్ని చిన్న సంగతులనుకోకపోవడం వల్లనే.

అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళ్లి ఆనందరంగ పిళ్లె దినచర్య చదివాను. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీ. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అంకితం తీసుకున్నవాడు ఈయనే, ఆ విధంగా మన ఛందస్సు చదువుకున్నవాళ్లకి పాతచుట్టం. 1736 నుంచి 1761లో చనిపోయే ముందు దాకా తమిళంలో రాశాడు. 1746లో ఫ్రెంచివాళ్లు చెన్నపట్నం పట్టుకోవడం వంటి పెద్ద సంగతులు అందులో ఉన్నాయి. వాటి పక్కనే ఏ ఓడ ఎప్పుడు వచ్చింది, ఎవరికి ఎన్ని ఫిరంగులు పేల్చి మర్యాద చేశారు, ఎవరు ఎవరి మీద చాడీ చెప్పారు అన్నవి కూడా అంతే ఓపికగా ఉన్నాయి. ఏది పెద్దదో ఏది చిన్నదో ఆ సాయంత్రమే తేల్చేసే తొందర ఆయనకి లేదు. నాకు ఆ తొందర ఉండేది. డిసెంబరులో నాలుగు రోజుల్లో తేల్చేసేవాణ్ణి.

అలాగని ఏడాది లెక్క చూసుకోవడమే తప్పని నేను అనను. లండనులో శామ్యూల్ పీప్స్ 1660 జనవరి 1న మొదలుపెట్టి తొమ్మిదేళ్లకు పైగా డైరీ రాశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. అయినా ఆయన డిసెంబరు 31న కూర్చుని తన చేతిలో డబ్బెంత, ఒంట్లో ఎలా ఉంది, ఇల్లు ఎలా నడుస్తోంది అని చూసుకునేవాడు. ఆ లెక్క ఆయన్ని మర్నాటి పేజీ వైపు నడిపిందే గాని, నిన్నటి పేజీని చెరపలేదు. 1666లో లండను తగలబడుతుంటే తోటలో గొయ్యి తీసి ద్రాక్షసారాయినీ, పార్మెజాన్ జున్నునూ దాచాడన్న సంగతి అందుకే మిగిలింది. ఆయన డైరీ 1669 మే 31న ఆగిపోయింది, కళ్లు పోతాయేమోనన్న భయంతో. ఆ ఆఖరి పేజీ గురించి చదివినప్పుడు నాకు మా నాన్న కట్టు, వరండా మళ్లీ గుర్తొచ్చాయి.

ఇప్పుడు కూడా డిసెంబరు ఆఖరి వారం సమీక్ష చేస్తాను. కాకపోతే రాయడం తక్కువ, చదవడం ఎక్కువ. అమ్మని పడక్కుర్చీలో కూర్చోబెట్టి జనవరి 1 నుంచి బయటికి చదువుతాను. మొదటిసారి చదవబోయినప్పుడు గొంతు పెగల్లేదు. కాల్చేసిన పేజీల్లో ఉన్నలాంటి కోపాలు, అసూయలే ఇందులోనూ ఉన్నాయి, అవి అమ్మ ముందు ఎలా చదవను? చదివాను. అమ్మ వింటూ మధ్యలో ఆపుతుంది. "ఆ రోజు వాన కాదురా, ముసురు. వాన మర్నాడు" అంటుంది. అది పక్కన ఎర్రసిరాతో రాస్తాను, అమ్మ చెప్పింది అని. ఖాళీ తేదీలు వస్తే దాటెయ్యం. ఎందుకు ఖాళీయో ఇద్దరం వెతుక్కుంటాం. జ్వరమా, ప్రయాణమా, రాయడానికి మనసొప్పని గొడవా అని. తెలిసినది రాసి, పక్కన ఇది డిసెంబరులో రాసినదని గుర్తు పెడతాను. ఆ పూట రాసినదీ, తర్వాత తలుచుకుని రాసినదీ ఒకటి కావు. అవి కలిసిపోకూడదని నాకు పట్టుదల. చదవడం ముగిశాక నాలుగు శీర్షికలు లేవు. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు, జవాబు ఇవ్వని ఉత్తరాలు, బాకీలు, ఎంతో భయపడి చివరికి జరగనివి ఒక కాగితం మీద రాసి, ఆ డైరీలోనే మడిచి పెడతాను. డైరీ బీరువాలోకి వెళుతుంది.

మార్చిలో చెయ్యి ఆగడం అనేది కూడా దీనితో తగ్గింది. ఏమీ తోచని రాత్రి ఒక్క వాక్యమైనా రాస్తున్నాను. డిసెంబరులో అమ్మ ఆ పేజీ దగ్గర ఆగి, ఆ రోజు ఏమైందిరా అంటుందని తెలుసు కాబట్టి.

నాన్న మాట కోసం మాత్రం ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాను. అమ్మ ఏమందంటే, కట్టు విప్పగానే నాన్న తన చీర వైపు చూసి, ఇది నీలమా, ఇన్నాళ్లూ ఆకుపచ్చ అనుకున్నానే అన్నారట. శుక్లం ముదిరితే కంటి కటకం పసుపుబారుతుందని, దానివల్ల నీలిరంగు సరిగ్గా తెలియదని డాక్టరు అప్పుడు వివరించడం నాకూ గుర్తుంది. కాబట్టి అది నమ్మదగ్గదే. మా చెల్లెలు ఒప్పుకోదు. "చీర మాట ఇంటికొచ్చాక అన్నాడు అన్నయ్యా. ఆస్పత్రిలో అయితే గోడ మీద క్యాలెండరు చూసి, తేదీ చదివి, ఇవాళ ఏకాదశిరా, నాకు ఇడ్లీ ఎందుకు పెట్టారు అన్నాడు" అంటుంది. మా బావగారి లెక్కలో ఈ రెండూ కావు. నాన్న తన చేతులు తిప్పి తిప్పి చూసుకుని, ఎప్పుడు ముసలివాణ్ణయ్యాను అన్నారట, దానికే అందరూ నవ్వారట. మూడింటినీ ఎవరు చెప్పింది వారి పేరుతో, చెప్పిన తేదీతో ఈ ఏడాది డైరీలో రాశాను. ఆ రోజు ఏకాదశి అవునో కాదో చూద్దామని, ఆ ఏటి పంచాంగం కోసం పురోహితుడిగారింట్లో అడిగి పెట్టాను. పాతవి అటక మీద ఉన్నాయి, వెతికి ఇస్తామన్నారు.