బద్ద సన్నగిల్లు, బలిమి వలదు (టీకా తాత్పర్య సహితం)

మూలం

నడుమ వెడలుపున్న నావకు ముక్కున
బద్ద సన్నగిల్లు; బలిమి వలదు;
తడిపి వంచి యతికి తరువాత గీకిన
నీరు చొరని దోనె నీకు నమరు.

అవతారిక

చెక్కతో ఓడబొమ్మ కట్టేవాడికి అడుగుదూలం నిలబెట్టేదాకా అంతా సుఖమే. దాని మీద పక్కటెముకలు దిగేస్తే ఓడ ఆకారం తెలిసిపోతుంది, ఇంటికొచ్చిన చుట్టాలు కూడా బాగుందంటారు. ఆ ఎముకల మీద బద్దలు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుంటూ రావడం దగ్గర మెప్పు ఆగిపోయి కష్టం మొదలవుతుంది. ఆ కష్టాన్ని ఒక ఆటవెలదిలో ఇరికించడమైనది. మూలకర్తనూ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. మల్లినాథసూరికి ఈ సౌకర్యం లేదు పాపం, కాళిదాసు ఏమంటే దానికే కట్టుబడాల్సి వచ్చింది. పైగా అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి నిలబెట్టుకున్నాడు. నేను ఆ మాట ఇవ్వడం లేదు.

ఈ పద్యానికి దేశం కోరంగి. కాకినాడకు దక్షిణాన, తాళ్లరేవును ఆనుకుని, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళుతున్నాం గానీ 18, 19 శతాబ్దాల్లో అక్కడ సముద్రం మీద తిరిగే ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. ఎగువ అడవుల టేకు తెప్పలుగా కట్టి రాజమండ్రికి దించిన నదికి దిగువనే రేవు ఉండగా కలపకు లోటేముంది? ఆ రేవు పేరు ఎంత దూరం పాకిందంటే, బర్మాలో తెలుగువాణ్ణి, వాడిది ఏ ఊరైనా సరే, కోరంగీ అనే పిలిచారు. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన వచ్చింది. 1839 నవంబరు 25న ఇంకొకటి వచ్చి ఊరినీ ఓడల్నీ ఊడ్చుకుపోయింది. కలకత్తాలో కూర్చుని తుపాన్ల లెక్కలు తీసిన హెన్రీ పిడింగ్టన్, ‘సైక్లోన్’ అన్న మాట పుట్టించినాయన, కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. ఉప్పెనలు వదిలేసిన పని ఒండ్రు పూర్తిచేసింది. రేవు పూడి, వ్యాపారం కాకినాడకు పోయింది. మడ అడవిలో నడవడానికి ఇప్పుడు చెక్కల బాట వేశారు. అవి తిన్నటి చెక్కలు కనక వాటికి పద్యం అక్కర్లేదు.

ప్రతిపదార్థం

నడుమ = ఓడ మధ్యభాగమందు; వెడలుపున్న = చుట్టుకొలత ఎక్కువగల; నావకు = ఓడబొమ్మకు; ముక్కున = ముందుకొన దగ్గర; బద్ద = 5 మిల్లీమీటర్ల వెడల్పున కోసిన చెక్కపట్టీ; సన్నగిల్లు = కత్తితో సన్నం చేయబడవలెను, తనంతట తాను కాదు; బలిమి = బొటనవేలి బలము; వలదు = వద్దు, అన్నా వినరు; తడిపి = వేడినీళ్లలో నానవేసి; వంచి = వంపు తెచ్చి; అతికి = ఫెవికాల్ రాసి, బట్టల క్లిప్పులు తగిలించి; తరువాత = మర్నాడు; గీకిన = గరుకు కాగితంతో రుద్దినయెడల; నీరు చొరని = దీనికి వేరే చర్చ ఉంది; దోనె = పడవ; నీకు = ఇంట్లో ఇంకెవరికీ కాదు, నీకే; అమరు = సిద్ధించును.

తాత్పర్యం

బద్ద తిన్నగా ఉంటుంది, ఓడ ఉండదు. రెంటికీ రాజీ కుదర్చాలంటే బద్దనే కొయ్యాలి.

విశేషాలు

పద్యమంతా ‘సన్నగిల్లు’ మీద నిలబడింది. నడిమి ఎముక మీద, పై అంచు నుంచి అడుగుదూలం దాకా, ఒక కాగితపు పట్టీ చుట్టి కొలిస్తే 90 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 5 మిల్లీమీటర్ల బద్దలు 18 పడతాయి. అదే కాగితం ముక్కు దగ్గరి ఎముకకు చుడితే 54. అక్కడికీ ఆ 18 బద్దలే చేరాలి కదా, ఒక్కొక్కదానికి దక్కేది 3 మిల్లీమీటర్లు. దోసకాయ మీది చారలు చూడండి, నడుమ వెడల్పుగా ఉండి తొడిమ దగ్గరికి వచ్చేసరికి ఎలా సన్నబడతాయో. ఈ భాగహారం చెయ్యనివాడు మొదటి మూడు నాలుగు బద్దలు నిక్షేపంగా అతికేస్తాడు. ఆ తర్వాతిది ముక్కు దగ్గర పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. అలాగని ఎంత సన్నమైనా చెక్కెయ్యమని కాదు. సగం వెడల్పు కన్నా తగ్గితే కొన విరుగుతుంది, జిగురూ పట్టదు. అలాంటి చోట రెండు బద్దల్ని ఒక్కదానిలోకి ముగించాలి. వెనక భాగంలో దీనికి తలకిందులు: బద్దలు చాలక సందు మిగిలితే కోసుగా ఒక ముక్క పొదగాలి. అతుకు పడిందని సిగ్గుపడక్కర్లేదు, నిజం ఓడలు కట్టినవాళ్లూ చేసిన పనే.

‘బలిమి వలదు.’ బద్దను వెడల్పు ముఖం మీద వంచితే వంగుతుంది. అంచు మీద పక్కకు వంచబోతే వంగదు, వంగినట్టు నటిస్తుంది. బొటనవేలితో అదిమి, నాలుగు క్లిప్పులు తగిలించి పడుకున్నవాడు పొద్దున్నే అవి తీసేసరికి కింది అంచు ఎముకలను అంటుకునే ఉంటుంది, పై అంచు మాత్రం వేలిగోరు దూరేటంత లేచి ఉంటుంది. తాళ్లరేవు వైపు పడవలు కట్టే మేస్త్రిని అడిగితే, “బల్ల ఎటు పోతానంటే అటు పోనిచ్చి చూడాలండి, తర్వాతే కొయ్యాలి. ఆయ్” అంటాడు. జిగురు లేకుండా బద్దను ఎముకల మీద ఆనించి, అది ఎటు వాలుతుందో చూసి గీత గీసుకోమని దీని భావం. శాస్త్రమంతా ఆ ‘ఆయ్’లో ఉంది.

మూడో పాదంలో ‘వంచి’కీ ‘అతికి’కీ మధ్య ‘ఆరబెట్టి’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఛందస్సులో పట్టక కవి వదిలేశాడు. అది లేకుండా చదివితే ప్రమాదం. నానిన చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీదే అతికేస్తే ఆరాక ముడుచుకుని బద్దకూ బద్దకూ మధ్య సందు పడుతుంది. నిజం పడవకు ఇది సరిగ్గా ఎదురు. దానికి బల్లలు ఎండినవే బిగిస్తారు, నీళ్లలో దిగాక అవే ఉబ్బి సందులు మూసుకుంటాయి. గట్టు మీద చాన్నాళ్లు ఎండిన పడవ మొదటిరోజు నీళ్లు కారేది అందుకే. ఎంత ఉబ్బినా మిగిలే సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పట్టిస్తారు. మన బొమ్మకు రంపపు పొట్టు కలిపిన ఫెవికాలే గుగ్గిలం.

ఇక ‘నీరు చొరని’ మీద పూర్వపక్షం. “టీవీ బల్ల మీద పెట్టే బొమ్మకి నీళ్లు చొరితే ఎంత, చొరకపోతే ఎంతండీ?” అని మా ఆవిడ. బలమైన ఆక్షేపమే. సమాధానం: ఇక్కడ నీరు అంటే లక్షణార్థంలో వెలుతురు. పైకప్పు వెయ్యక ముందు ఓడను ట్యూబులైటు కింద బోర్లించి పట్టుకుని లోపలికి చూస్తే ఎక్కడ సందుందో అక్కడ తెల్లటి గీత కనిపిస్తుంది. ఆ గీతలు చొరకూడదు.

మొదటి పాదంలో నావ నాలుగో పాదానికి దోనె ఎందుకయిందని ఇంకో శంక. యతి కోసం కాదు. నావ కడదామని మొదలుపెట్టేవాళ్లకు చివర్న తేలేది అదే.

ఎముకలే లేని పడవకు ఈ పద్యం వర్తించదని గమనించాలి. మన తీరంలో బల్లల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేసిన పడవలుండేవి. మేకుల్లేవు, పక్కటెముకల్లేవు, కెరటం కొడితే కుట్లు సాగి సర్దుకునేవి. వాటికి టీకా రాయాలంటే కుట్టుపని తెలిసినవాళ్లు కావాలి.

కడపటి మాట అన్వయం గురించి. కుడిపక్కకు చెప్పిందంతా ఎడమపక్కకూ చెప్పుకోవాలి, అదీ వెంటవెంటనే. ఒక పక్కంతా పూర్తిచేసి రెండోదాని జోలికి వెళితే అప్పటికే అడుగుదూలం ఒకవైపు లాగేసి ఉంటుంది, దాన్ని మళ్లీ తిన్నగా చేసే ఉపాయం ఏ వ్యాఖ్యానంలోనూ లేదు. కుడికొకటి, ఎడమకొకటి.

ఇతి దక్షిణపార్శ్వ వ్యాఖ్య. వామపార్శ్వానిది జిగురు ఆరాక.