చెప్పడానికేం మిగిల్చారు?

అమెరికా నుంచి పిల్లలొస్తున్నారంటే ఇప్పుడు మా వీధిలో ఎవరూ తలుపు తీసి చూడరు. ఎందుకు చూస్తారు? డల్లాస్‌లో పెట్టెలు తూచినప్పుడొక ఫొటో, దుబాయిలో కాఫీ తాగుతూ ఒకటి, శంషాబాద్‌లో కారెక్కుతూ ఇంకోటి. గుమ్మంలో కాలు పెట్టేసరికే వాళ్ళు పాతబడిపోయి ఉంటారు.

నేను డెట్రాయిట్ వెళ్ళింది 1970లో. దేశం దాటేవాడి చేతికి ఎనిమిది డాలర్లు ఇచ్చి పంపిన రోజులవి. వీసాకి మద్రాసు పోవాలి. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచిందే 2008లో. ఇంటికి రావాలంటే టిక్కెట్టు డబ్బు కూడేసరికి ఏళ్ళు పట్టేది. బొంబాయిలో దిగి, రాత్రి రైల్లో సికింద్రాబాదు, అక్కణ్ణించి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ, ఆపైన గుడివాడ బస్సు. నేను ఎప్పుడు చేరతానో నాకే తెలీదు. ఉత్తరంలో రాసిన తేదీకి అటూ ఇటూ రెండ్రోజులు వేసుకుని నాన్నగారు రోజూ బస్టాండుకొచ్చి కూర్చునేవారు.

ఇక చూడండి, ఆ సాయంత్రం మా అరుగు! పట్టెమంచం మీద నేను, చుట్టూ చుట్టపక్కాలూ, పాలేళ్ళూ, బడి పిల్లలూ. చంద్రమండలం మీదికి పోయినవాళ్ళని నువ్వు చూశావా అని ఒకాయన. అక్కడ బియ్యం ఏరుకోవాలా అక్కర్లేదా అని మా మేనత్త. మంచు ఎంత లోతుంటుందని పిల్లలు. చెప్పిందే చెప్పేవాణ్ణి. మొదటిరోజు మోకాలి లోతున్న మంచు పదో రోజుకి నడుందాకా వచ్చేది. ఎవరూ అడ్డుపడలేదు, వాళ్ళకి కావలసిందీ అదే. తర్వాత వాళ్ళ వంతు. ఎవరి చేను ఎవరు కొన్నారు, ఎవరింట్లో వాటాలు తేలలేదు, ఎవరి పిల్లనెక్కడిచ్చారు. ఇన్నేళ్ళ బాకీ తీరడానికి నెల్లాళ్ళు చాలేవి కావు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. మాకక్కడ పేపర్లో కాస్త తెలిసింది. ఆ తర్వాత ఎప్పటికో నాన్నగారి ఏరోగ్రామ్ వచ్చింది, మనవాళ్ళంతా క్షేమం అని. అంతే, నీలం కాయితం మీద చోటెంతుంటుంది గనక! మరుసటేడు వేసవిలో నేనొస్తే, అవనిగడ్డలో మేష్టరీ చేసే మా బాబాయి పనిగట్టుకుని వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టాడు. గాలి ఏ మూల నుంచి తిరిగిందో, నీళ్ళు ఏ చప్పుడుతో వచ్చాయో, తెల్లారి తన క్లాసు పిల్లల్లో ఎంతమంది కనబడలేదో. చెబుతూ చెబుతూ ఆగిపోయేవాడు. మేమెవరం అడిగేవాళ్ళం కాదు. మళ్ళీ తనే అందుకునేవాడు. కోడి కూసేదాకా ఎవరూ లేవలేదు.

ఇప్పటి సంగతి వినండి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మేమింకా మంచం దిగలేదు, డల్లాస్ నుంచి మనవడి ఫోను. “తాతయ్యా, సింగ్‌నగర్లోకి బుడమేరొచ్చింది. చిన్న మామ్మ వాళ్ళు మేడ మీదున్నారు, లొకేషన్ పంపారు” అని. బెజవాడ మునిగిన సంగతి గుడివాడ పక్కనున్న నాకు టెక్సాస్ వాడు చెప్పాలన్నమాట. సరే, మంచిదే. సంక్రాంతికి వాడొచ్చాడు, మా మరదలూ వచ్చింది. గారెలు తింటూ పాపం ఆవిడ మొదలెట్టింది, “ఆ రాత్రి ఏమైందంటేరా నాన్నా...” అని. వీడు, “ఆ వీడియో చూశాను మామ్మా” అంటూ ఫోను తీసి, ఆవిడ వరదని ఆవిడకే చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మర్యాదగా చూసి, “అవున్రా, అదే” అంది. ఇంకేం చెబుతుంది?

నేను ఫోన్లు తీసి పారెయ్యమనడం లేదు. నాన్నగారు పోయిన కబురు నాకు టెలిగ్రాములో వచ్చింది. నేను చేరేసరికి పన్నెండో రోజు కూడా అయిపోయింది. ఆ ఒక్క లెక్క ఫోను పక్కనే వేస్తాను. మిగతా లెక్కల్లో మాత్రం నా దెప్పులు నావే.

పెట్టెల సంగతి వేరే చెప్పాలా? మా రోజుల్లో ఐరిష్ స్ప్రింగ్ సబ్బు ఒకటిస్తే బీరువాలో చీరల మధ్య పెట్టుకునేవాళ్ళు. వీళ్ళు ఖాళీ పెట్టెలతో వస్తారు, ఆవకాయా పూతరేకులూ కుట్టించిన జాకెట్లూ ఇరవైమూడు కిలోలకి గ్రాము దాటకుండా సర్దుకుపోతారు. రెండు వారాల సెలవులో పళ్ళ డాక్టరుకో రోజు, తిరుపతికి రెండ్రోజులు, స్నేహితుడి పెళ్ళికి గోవాలో మూడు, వీసా స్టాంపింగని నానక్‌రామ్‌గూడలో ఇంకెన్నో. మాకు దక్కేది పండగ భోజనం. అది కూడా, వంటకాలన్నీ ఫొటో అయ్యాక.

పోనీ నేనే అడుగుదామని, “ఒరే, కొత్త ఇల్లెలా ఉందిరా?” అన్నాను. “గ్రూపులో పెట్టాను కదా తాతయ్యా, చూళ్ళేదా?” అన్నాడు. చూశాను. వంటింట్లో పంపు ఎటు తిరుగుతుందో కూడా చూశాను. నేనడిగింది చూడ్డానికి కాదు.

అందుకే ఈసారి వాళ్ళొచ్చే ముందు నెల్లాళ్ళు వీడియో కాలు ఎత్తొద్దని మా ఆవిడకి గట్టిగా చెప్పాను. కాసిని కబుర్లు పోగుపడనీ అన్నాను. “మీరు ఎత్తకండి. నేను వసారాలోకెళ్ళి మాట్లాడుకుంటా” అంది.