ఐదు జంతువులకు గ్యారంటీ కార్డు

ఆఫ్రికా సఫారీ బ్రోషర్‌లో మనుషులు కనపడరు. ఒక తుమ్మచెట్టు, దాని వెనక దిగుతున్న పొద్దు, ముందు ఒక సింహం, అడుగున ఏజెంటు ఫోన్ నంబరు. పక్కనే పెద్ద అక్షరాల్లో రెండు హామీలు: 'మనిషి అడుగు పడని అడవి', 'బిగ్ ఫైవ్ గ్యారంటీ'. మనిషి అడుగు పడని చోటికి తెల్లారేసరికి టిఫిన్ డబ్బాలతో సహా జీపు చేరుతుందని నమ్మించడం మామూలు విద్య కాదు. 2025లో రాజమౌళి బృందం షూటింగ్‌కు కెన్యా వెళ్లాక మసాయి మారా పేరు మన సినిమా పేజీలకూ ఎక్కింది. ఇక ఏజెంట్లకు ఆ అడవి ఎక్కడుందో వివరించే శ్రమ కూడా తప్పింది.

ముందుగా ఆ 'ఐదు' సంగతి. సింహం, చిరుతపులి, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం. జిరాఫీకి ఇందులో చోటు లేదు. నీటిగుర్రానికీ, నేల మీద అందరికంటే వేగంగా పరిగెత్తే చీతాకూ లేదు. ఎందుకంటే ఇది అందం చూసి వేసిన జాబితా కాదు. నడిచి వెళ్లి వేటాడితే ఎదురుతిరిగి ప్రాణం తీసే జంతువులేవో వేటగాళ్లు తేల్చుకున్న లెక్క. అమెరికా అధ్యక్ష పదవి దిగిన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో కొడుకు కెర్మిట్‌ను వెంటబెట్టుకుని తూర్పు ఆఫ్రికాకు వచ్చి, స్మిత్‌సోనియన్ మ్యూజియం కోసమంటూ మొదలుపెట్టిన యాత్రలో తండ్రీకొడుకులు కూల్చిన జంతువులు 512. కెన్యా 1977లో వేటను నిషేధించింది. తుపాకులు పోయాయి గానీ జాబితా మాత్రం పదిలంగా ఉంది. ఇప్పుడు దాన్ని పట్టుకుని శాకాహార భోజనం ముందే బుక్ చేసుకున్న కుటుంబాలు కూడా 'మాకింకా దున్న బాకీ' అంటున్నాయి.

ఖడ్గమృగానికి గ్యారంటీ ఇవ్వడం మరీ చిత్రం. కెన్యాలోని ఓల్ పెజెటా సంరక్షణ కేంద్రంలో ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు రెండే మిగిలాయి: నాజిన్, ఆమె కూతురు ఫాతు. ఆ జాతిలో చివరి మగది సుడాన్ 2018 మార్చిలో చనిపోయింది. ఈ ఇద్దరికీ రాత్రింబవళ్లు సాయుధ కాపలా. 'మనిషి అడుగు పడని అడవి'లో ఖాయంగా కనిపించే ఖడ్గమృగం పక్కన తుపాకీ పట్టుకున్న మనిషి నిలబడి ఉంటాడన్నమాట.

ఇక బ్రోషర్‌లో లేని దినచర్య. చలిలో బయలుదేరాలి. గతుకుల దారిలో నడుం కదిలిపోతుంటే డ్రైవర్ నవ్వుతూ 'ఇదే ఆఫ్రికన్ మసాజ్, అదనపు ఛార్జీ లేదు' అంటాడు. నీలం, నలుపు బట్టలంటే త్సెత్సే ఈగలకు ప్రీతి అని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. చిన్న విమానంలో వెళ్తే సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. ఆవకాయ జాడీ నైరోబీలోనే ఆగిపోతుంది. సింహం రోజుకు ఇరవై గంటల దాకా పడుకోగలదు కాబట్టి గ్యారంటీగా దొరికేది సింహం పొట్ట, మహా అయితే తోక. ఒక గైడ్ రేడియోలో 'సింబా' అనగానే నాలుగు దిక్కుల నుంచీ దుమ్ము లేస్తుంది. జంతువు చుట్టూ ఐదు వాహనాలకు మించి ఉండకూడదని, మిగతావాళ్లు వేచి ఉంటే పది నిమిషాల్లో తప్పుకోవాలని మసాయి మారా నియమం. తిరుమలలో అయితే 'జరగండి, జరగండి' అనేవాళ్లు ఉంటారు. ఇక్కడ ఆ ఉద్యోగం ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

సింహం నిద్రపోతుంది కనుక ఈ మూకను భరిస్తుంది. చీతా భరించలేదు. సింహాలకు, దుమ్ములగొండులకు దొరక్కుండా అది ఎక్కువగా పగలే వేటాడుతుంది. అంటే సరిగ్గా కెమెరాలు తిరిగే వేళలో. గడ్డిలో పొట్ట ఆనించి పాకుతున్నప్పుడు వెనక ఇంజిన్ గుర్రుమంటే జింక ఆగుతుందా? మారాలో చీతాలపై పరిశోధన చేసిన ఫెమ్కే బ్రుక్‌హైస్ 2018లో ఒక లెక్క ప్రచురించారు: పర్యాటకులు తక్కువున్న చోట తల్లి చీతా ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్దచేస్తే, రద్దీ ఉన్న చోట 0.2. ఒక్క పిల్లయినా బతకాలంటే ఐదు ఈతలు కావాలి. ఈ అంకె ఏ బ్రోషర్‌లోనూ అచ్చవదు.

నది దాటే 'మహా వలస'ది మరో తమాషా. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు ఏడాది పొడుగునా టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మారా మధ్య గడ్డిని వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటాయి. ఫిబ్రవరిలో ఎన్‌డూటు మైదానాల్లో కొద్ది వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. కానీ అందరికీ కావలసింది మొసళ్లున్న మారా నదిలోకి మంద దూకే ఆ నాలుగు నిమిషాలే. జూలై నుంచి అక్టోబరు దాకా అవి ఎప్పుడు దాటుతాయో ఏ గైడూ చెప్పలేడు, వాటికే తెలియదు. మొదటిది అంచుదాకా వచ్చి నీళ్లు చూసి వెనక్కి తిరిగితే వెయ్యి వెనక్కి తిరుగుతాయి. ఒడ్డున బారులు తీరిన జీపులు అవి దిగే దారికో, ఎక్కే దారికో అడ్డం. 2025లో ఉత్తర సెరెంగెటిలో జనం ఏకంగా వాహనాలు దిగి ఒడ్డున నిలబడిన వీడియో బయటికొచ్చి దుమారం రేగింది. 2024 నుంచి మారాలో జూలై మొదలు డిసెంబరు దాకా విదేశీ పెద్దలకు ప్రవేశ రుసుము 200 డాలర్లు. చెల్లుబాటు పన్నెండు గంటలే. అంత కట్టినవాడు వైల్డ్‌బీస్ట్ ఆలస్యం చేస్తే సహిస్తాడా!

'మనిషి అడుగు పడని' అన్న మాటకు మసాయిలు నవ్వాలో ఏడవాలో. తరతరాలుగా పశువులు మేపుకున్న సెరెంగెటి నుంచి వాళ్లను 1959లో పంపించేశారు. వెళ్లి చేరిన ఎన్‌గోరోంగోరో నుంచి కూడా 2022 తర్వాత కుటుంబాలను దూరంగా ఎంసొమెరాకు తరలిస్తున్నారు. టాంజానియా ప్రభుత్వం ఇష్టపూర్వకం అంటుంది, మసాయి సంఘాలు కాదంటాయి. అడుగులు తుడిచేశాక, సాయంత్రం లాడ్జి ముంగిట అదే మసాయిలు ఎర్ర శుకా వస్త్రాలు కట్టి ఎగిరే నాట్యం ప్యాకేజీలో భాగం.

ఇంతలో గైడ్ పాపం ఒక్కడే అడవిని చూస్తుంటాడు. కెన్యా సఫారీ గైడ్ల సంఘం కాంస్యం, రజతం, స్వర్ణం అంటూ మెట్టుమెట్టుకీ పరీక్షలు పెడుతుంది; పక్షి కూత, అడుగుజాడ, చెట్టు పేరు అన్నీ చదువుకుని వచ్చినవాడు. కొమ్మ మీద ఊదారంగు రొమ్ముతో ఒక పిట్ట కనపడితే బండి ఆపుతాడు. అది దసరానాడు మనవాళ్లు పొలాల వెంట వెతుక్కునే పాలపిట్టకు సాక్షాత్తూ జ్ఞాతి, ఒకే ప్రజాతి. వెనక సీట్లోంచి 'బాబూ, పిట్టలు తర్వాత, చిరుతపులి ఎక్కడ?' అని వినిపిస్తుంది. బండి కదులుతుంది. ఊరికి తిరిగొచ్చాక రాసే రివ్యూలో చిరుతపులి రాలేదని గైడ్‌కు ఒక నక్షత్రం కోత పడుతుంది. ఆ సంగతి చిరుతపులికి తెలియజేసే ఏర్పాటు ఇంకా ఏ ప్యాకేజీలోనూ లేదు.