గడ్డం లోపలికి, అంకుల్!

నన్ను మొదటిసారి ఎత్తి కుదేసిన మనిషి బరువు 42 కిలోలు. ఎనిమిదో క్లాసు, రెండు జడలు. కుదేశాక నా మొహం మీదికి వంగి, "దెబ్బ తగిలిందా అంకుల్?" అంది. 84 కిలోల నేను వెల్లకిలా పడుకుని, పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ ఒళ్ళంతా ఒకసారి వాకబు చేసుకున్నాను. నడుం ఉంది. తల ఉంది. కళ్ళజోడు ముందే తీసి మా అమ్మాయికిచ్చాను కాబట్టి అదీ ఉంది. దెబ్బ మాత్రం లేదు. దాని బదులు నవ్వొకటి పొట్టలోంచి తన్నుకొస్తోంది. తిరునాళ్ళలో రంగులరాట్నం పైకెళ్ళి ఒక్కసారిగా కిందికి దిగేటప్పుడు వస్తుందే, ఆ నవ్వు. నలభై ఆరేళ్ళ వయసులో, పాతికమంది పిల్లల ముందు చిత్తుగా పడి, పకపకా నవ్వి, "మళ్ళీ వెయ్యమ్మా" అన్నాను.

ఆ 'మళ్ళీ వెయ్యమ్మా' ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మనిషన్నవాడు నెలనెలా ఫీజు కట్టి మరీ ఎందుకు తన్నులు తింటాడు? ఊరికే తిట్టించుకోవడానికి ఆఫీసు ఉంది, వాళ్ళే జీతం కూడా ఇస్తారు.

నిజానికి నేను వెళ్ళింది మా అమ్మాయిని జూడో క్లాసులో దింపడానికి. విజయవాడలో సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో ఇంటికెళ్ళి మళ్ళీ రావడం కంటే అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి ఫోను చూసుకోవడం మేలు. నాలాంటి తండ్రులు ఇంకో నలుగురుండేవారు. ఒకరోజు సార్ మా దగ్గరికొచ్చి, "రోజూ గంటన్నర కూర్చుంటున్నారు కదండీ, ఆ కూర్చునేదేదో మ్యాట్ మీద కూర్చోండి" అన్నారు. మిగతా నలుగురూ టక్కున నవ్వేసి గండం గట్టెక్కారు. నేను నవ్వడం ఒక్క క్షణం ఆలస్యమైంది. దొరికిపోయాను.

మర్నాడు డ్రెస్ కొన్నాను. జూడో డ్రెస్ చూడనివాళ్ళకు చెప్పాలంటే, జంపఖానాకు చేతులు కుట్టినట్టుంటుంది. ఎదుటివాడు కాలరు పట్టుకుని గుంజినా, మోచేతి దగ్గర పట్టుకుని తిప్పినా చిరక్కూడదు కదా, అందుకని అంత మందం. రోహిణి కార్తెలో, బెజవాడలో, జంపఖానా తొడుక్కుని, మరొక జంపఖానాను కౌగిలించుకోవడం అంటే ఏమిటో అనుభవిస్తే గానీ తెలియదు. మొదటివారం ఆ డ్రెస్‌ను పిండితే వచ్చిన చెమట చూసి మా ఆవిడ, "మొక్కలకు పోయనా?" అని అడిగింది.

మొదటి నెలంతా పడటమే నేర్పారు. ముందుకు పడటం, వెనక్కి పడటం, పక్కకు పడటం, దొర్లి పడటం. వెనక్కి పడేటప్పుడు రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాచి, అరచేతి నుంచి మోచేతి దాకా మొత్తం ఒకేసారి తగిలేలా మ్యాట్‌ను ఠప్పున చరవాలి. అప్పుడు పడ్డ ఊపంతా వెన్ను ఒక్కటే మొయ్యక్కర్లేదు, చేతులు కూడా తలా కాస్త పంచుకుంటాయి. గడ్డం ఛాతీకి ఆనించి సొంత బెల్టు ముడిని చూసుకోవాలి. లేకపోతే తల వెనక్కి వాలి నేలకు కొట్టుకుంటుంది. ఇక్కడే నాకు చిక్కొచ్చింది. నాకూ నా బెల్టు ముడికీ మధ్య పాతికేళ్ళుగా పెంచి పోషించిన పొట్ట ఒకటుంది. దాని వెనకాల బెల్టు ఉందన్న నమ్మకమే తప్ప దర్శనం లేదు. అందుకని క్లాసులో ఆరో తరగతి వాళ్ళ నుంచి అందరూ వంతులేసుకుని అరిచే కేక ఒకటే: "గడ్డం లోపలికి, అంకుల్!"

"పడటం నేర్చుకోవడానికి నెలకు పన్నెండొందలా? మన బాత్‌రూములో ఉచితమే కదండీ" అంది మా ఆవిడ. ఆవిడ నోటివాక్కు ఊరికే పోదు. రెండో నెలలో ఒక ఆదివారం పొద్దున సబ్బు నురగ మీద కాలు పడి నిజంగానే జారాను. ఆలోచించే వ్యవధి లేదు. గడ్డం దానంతటదే లోపలికి పోయింది, చేయి దానంతటదే గచ్చును ఠప్పుమని చరిచింది, చెంబు ఎగిరి గోడకు తగిలింది. అరచేయి మండింది గానీ తల పదిలం. వంటింట్లోంచి కేక: "అక్కడ కూడా ప్రాక్టీసేనా?"

మా అమ్మకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "ఈ వయసులో కుస్తీలేంట్రా, నువ్వేమన్నా కోడి రామ్మూర్తివా?" అంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మనిషి, వీరఘట్టం మల్లుణ్ణి తలుచుకోకుండా ఉండలేదు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ మహానుభావుడి కథలు వింటూ పెరిగాను నేను. పరాక్రమం అంటే మోయడమో, ఆపడమో, విరగ్గొట్టడమో అని మా తరానికి ఖాయంగా తెలుసు. సుమన్, భానుచందర్ తెర మీద కరాటే చేసే రోజుల్లో మా వీధి కుర్రాళ్ళం గాల్లోకి కాళ్ళు విసిరి ఎన్ని లాగూలు చింపుకున్నామో లెక్కలేదు. స్కూలు వార్షికోత్సవంలో ఒక అన్నయ్య పదేసి పెంకులు ఒక్క దెబ్బతో పగలగొట్టడం చూసి, మర్నాడు మా అమ్మమ్మ ఇంటి వెనక వసారాలో రెండు బెంగుళూరు పెంకులు పేర్చి కొట్టాను. పెంకులకు ఏమీ కాలేదు. నా చిటికెనవేలు ఇప్పటికీ వాన రాబోతోందంటే ముందే చెబుతుంది.

కాబట్టి జూడో పుట్టుక కథ సార్ చెప్పినప్పుడు నాకు కొంచెం అవమానంగా అనిపించింది. ఆ విద్యను పెట్టిన కానో జిగోరో అయిదడుగుల పైన కాస్త ఉండే బక్కపల్చటి మనిషి. చిన్నప్పుడు బళ్ళో పెద్దపిల్లల చేతిలో తన్నులు తిని తిని విసిగి జుజుత్సు గురువుల్ని వెతుక్కున్నాడు. అక్కడ తనకంటే చాలా బరువైన సహాధ్యాయి ఒకడు ఎంతకీ కింద పడకపోతే, మనమైతే గుడికెళ్తాం, లేదా బాదంపప్పు తింటాం. ఈయన లైబ్రరీకి వెళ్ళాడు. పాశ్చాత్య కుస్తీ పుస్తకం తిరగేసి, మనిషిని భుజాల మీదికి ఎత్తి పడేసే పట్టు ఒకటి పట్టుకొచ్చి, ఆ బరువుగల పెద్దమనిషిని పడేశాడు. లైబ్రరీలో చదివి మనిషిని పడేసినవాణ్ణి నేను అంతకు ముందు వినలేదు. చదివి నిద్రపోయినవాళ్ళే తెలుసు. ఆ తరవాత 1882లో, ఇరవై రెండేళ్ళైనా నిండకుండానే, టోక్యోలో ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచినంత చోటులో బడి పెట్టాడు. శిష్యులు పడే పాట్లకు గుడి నేల చెక్కలు విరిగేవట. రాత్రిపూట ఈయనే లాంతరు పట్టుకుని కిందికి దూరి బాగుచేసుకునేవాడట. గురువంటే ఇలా ఉండాలి. నా దగ్గర ఫీజు తీసుకున్న సార్ కూడా మ్యాట్ చిరిగితే తనే టేపు వేసుకుంటారు.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ రెండుజడల అమ్మాయి నన్ను మొదటిసారి పడేసినప్పుడు నేను గమనించని విషయం ఒకటి పదోసారికో పన్నెండోసారికో గమనించాను. పడేసేటప్పుడు ఆమె కుడిచెయ్యి నా కాలరు దగ్గరుంటుంది, ఎడమచెయ్యి నా కుడి మోచేతి దగ్గర గుడ్డను గుప్పెట పట్టి ఉంటుంది. నేను గాల్లోకి లేచి, లోకం తలకిందులై, వీపు నేలకు చేరే ఆ అరక్షణంలో ఆ ఎడమచెయ్యి వదలదు. పైగా పైకి లాగుతుంది. నా చెయ్యి అలా పైకి లాగి పట్టబట్టే భుజం ముందు తగలకుండా, తల కొట్టుకోకుండా నేను వీపు మీద చదునుగా పడతాను. అంటే నన్ను కిందపడేస్తున్న మనిషే నన్ను పట్టుకుని కూడా ఉంది. పిడికిలి బిగించి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, నా 84 కిలోల పూచీ తన చిన్న గుప్పెట్లో పెట్టుకుని! పట్టు వదిలేస్తే సార్ ఊరుకోరు. పడినవాడికంటే ముందు పడేసినవాడికి పడతాయి చీవాట్లు.

పాతికేళ్ళ ఉద్యోగంలో నన్ను కిందపడేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా నా చొక్కా చెయ్యి పట్టుకోలేదు.

ఇంకొక మాట, కొంచెం సిగ్గు విడిచి చెబుతున్నాను. నడివయసు మగాణ్ణి ఈ దేశంలో ఎవరు ముట్టుకుంటారు? మంగలి, టైలరు, బీపీ చూసే నర్సు. ఆపైన సిటీ బస్సు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక భుజాలెక్కడం మానేస్తారు. స్నేహితులు ఫోనులో దండం బొమ్మలు పంపుతారు. ఇక్కడేమో వారానికి మూడు రోజులు ఎవరో ఒకరు కాలరు పట్టుకుంటారు, మెడ వాటేసుకుంటారు, మీద పడి ఇరవై సెకన్లు కదలనివ్వరు. లేచాక ఇద్దరం వంగి నమస్కారం పెట్టుకుంటాం. మా అపార్టుమెంటు సెల్లారులో వీధికుక్క పెట్టిన నాలుగు పిల్లలున్నాయి. పొద్దస్తమానం ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ, మీదపడి దొర్లుతూ ఉంటాయి. ముందరికాళ్ళు చాచి వంగడం వాటి నమస్కారం. ఎలుకలు కూడా ఇలా ఆటకుస్తీ పడతాయని, పట్టేటప్పుడు కిచకిచలాడతాయని, ఆ కూత 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుందని, మన చెవి ఇరవై దాటితే వినలేదు కాబట్టి మనకు తెలియదని చదివాక, మా క్లాసులో నాకు వచ్చిన నవ్వుకు వంశవృక్షం దొరికినట్టయింది.

"ఇంట్లో దొంగ పడితే కొడతావా మరి?" అని ఆఫీసులో అందరూ అడుగుతారు. తప్పకుండా. ఆ దొంగ దయచేసి మందపాటి గుడ్డ కోటు వేసుకుని రావాలి, కాళ్ళకు చెప్పులుండకూడదు, ముందు నాకు వంగి నమస్కారం పెట్టాలి, నా కుడికాలు ముందుకొచ్చేదాకా ఓపికపట్టాలి. అప్పుడు చూపిస్తాను నా తడాఖా.

ఆత్మరక్షణ అనేది ఇంట్లో ఒప్పించడానికి చెప్పే మాట. బరువు తగ్గడం అనేది డాక్టరుకు చెప్పే మాట. (తగ్గింది మూడు కిలోలు. క్లాసు బయటి పునుగుల బండి లేకపోతే ఆరు తగ్గేవాణ్ణి.) అసలు మాట ఇంకోటుంది. ఎవరైనా నీ కాలరు పట్టుకుని ఎడమకాలు ఊడదియ్యబోతున్న ఆ క్షణంలో ఇంటి లోను గుర్తుండదు, కూతురి ఇంటరు సీటు గుర్తుండదు, మేనేజరు మొహం అసలే గుర్తుండదు. నేను ధ్యానం క్లాసుకు కూడా వెళ్ళాను. కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమంటే, నా ధ్యాస నేరుగా బయట పెట్టిన చెప్పుల మీదికి పోయేది. ఇక్కడ ధ్యాస పెట్టమని ఎవరూ చెప్పరు. పెట్టకపోతే ఫ్యాను కనిపిస్తుంది, అంతే.

ఇంకా ఒక గొప్ప సదుపాయం ఉంది. మెడపట్టు బిగుసుకుని ఇక చాలనిపిస్తే రెండుసార్లు తట్టాలి. మ్యాట్‌నైనా, ఎదుటివాడి ఒంటినైనా. వెంటనే వదిలేస్తారు. కారణం అడగరు, రాతపూర్వకంగా ఇమ్మనరు. ఇది ఎంతగా ఒంటబట్టిందంటే, మార్చి నెలాఖరు రివ్యూ మీటింగులో టార్గెట్ల గురించి మా పెద్దాయన గంటసేపు వాయించాక, నా చెయ్యి నా ప్రమేయం లేకుండా టేబులును రెండుసార్లు తట్టింది. ఆయన ఆగి, "ఆఁ, మీరేదో చెప్పాలనుకుంటున్నారు, చెప్పండి" అన్నారు.

బెల్టుల పిచ్చి లేదా అంటే, ఎందుకు లేదు? ఆ రంగులు యూరప్‌లో పుట్టినవని, జపాన్‌లో పెద్దవాళ్ళకు చాలావరకు తెలుపూ నలుపుల సంసారమేనని తెలిసి కూడా పసుపు బెల్టు పరీక్షకు రాత్రి పన్నెండింటిదాకా చదివాను. మా అమ్మాయి ఒప్పజెప్పించుకుంది. ఆమెది అప్పటికే ఆరెంజ్ బెల్టు కాబట్టి ఇంట్లో నాకంటే సీనియరు. పాస్ అయిన రోజు ఆ బెల్టును ఫ్రిజ్ హ్యాండిలుకు వేలాడదీశాను. వచ్చినవాళ్ళు అడగాలి కదా! గ్యాసు డెలివరీ అబ్బాయి తప్ప ఎవరూ అడగలేదు.

సార్ దగ్గర పిల్లలు ఎక్కువగా అడిగి చెప్పించుకునే కథ 1964 టోక్యో ఒలింపిక్స్‌ది. జూడో ఒలింపిక్స్‌కి వచ్చింది అప్పుడే. బరువుతో నిమిత్తంలేని ఓపెన్ విభాగం ఫైనల్లో, జపాన్ వాళ్ళ సొంతగడ్డ మీద, కమినాగాను నేలకు అదిమిపట్టి గెలిచాడు నెదర్లాండ్స్ వాడు గీసింక్. ఆరున్నర అడుగుల మనిషి. గెలిచిన ఆనందంలో వాళ్ళ దేశంవాళ్ళు మ్యాట్ మీదికి పరిగెత్తుకొస్తుంటే చెయ్యెత్తి ఆపేశాడు. ముందు ఓడినవాడితో నమస్కారం పూర్తి కావాలి కదా. ఈ కథ అయ్యాక పిల్లలు రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటారు. క్లాసు మొత్తంలో ఆ రెండు నిమిషాలే నిశ్శబ్దం. తరవాత, నిజామాబాద్ నిఖత్ జరీన్ లాగా ప్రపంచ చాంపియన్ అవుతానని ఊళ్ళో అందరికీ చెప్పుకునే ఆరో తరగతి పిల్ల లేచి పక్కవాడికి ఒక గుద్దు గుద్దుతుంది. నిఖత్‌ది బాక్సింగనీ, ఇది జూడో అనీ ఆ పిల్లకు ఇంకా ఎవరూ నచ్చజెప్పలేకపోయారు.

పోయిన నెల ప్లాస్టిక్ కుర్చీల్లోంచి ఇంకొకాయన నవ్వడం ఆలస్యం చేసి దొరికిపోయాడు. బ్యాంకులో పనట. తెల్ల జంపఖానా మడతలు కూడా పోలేదు. నెలరోజులు పడటం నేర్చుకున్నాక, మొన్న శుక్రవారం ఆయన్ని పడేసే పని సార్ నాకు అప్పజెప్పారు. కాలరు పట్టుకున్నాను. గుండె దడదడా కొట్టుకుంటోంది, ఆయనది కాదు, నాది. మోచేతి దగ్గర గుడ్డను గుప్పెట పట్టాను. ఆ రెండుజడల అమ్మాయి పక్కన నిలబడి నా ఎడమచేతినే చూస్తోంది. అడుగు వేసి, తుంటి తిప్పి, లాగాను. ఆయన లేచాడు, తిరిగాడు, పడ్డాడు. నా చెయ్యి వదల్లేదు. ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. తరవాత కిందనుంచి కిసుక్కుమని మొదలై పెద్ద నవ్వు వినిపించింది.

"బాగానే ఉంది గానీ, గడ్డం లోపలికి, అంకుల్" అన్నాను.

"అంకులేంటండీ," అన్నాడాయన పడుకునే, "నేను మీకంటే అయిదేళ్ళు చిన్న." ఆ తరవాత చెయ్యి చాచి, "ఏదీ, ఇంకోసారి వెయ్యండి" అన్నాడు.