మైనస్ ఇరవై మహాత్మ్యం

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే హైదరాబాద్ ఆఫీసు క్యాంటీన్లలో కొత్త భాష మొదలవుతుంది. "నాది మైనస్ ట్వెంటీ" అంటాడొకడు. "నాది మైనస్ ట్వెంటీ ఫైవ్, ఆఫర్లో కొట్టేశా" అంటాడు ఇంకొకడు. పక్క టేబుల్ దగ్గర టీ తాగేవాడికి, ఇంత చిన్న వయసులో అంత చూపు ఎలా పోయిందా పాపం అని జాలేస్తుంది. వాళ్లు చెప్పుకుంటున్నది కళ్లద్దాల పవర్ గురించి కాదు, జాకెట్ల పవర్ గురించి. క్రిస్మస్ సెలవులకు కేదార్‌కంఠ ఎక్కబోతున్నారు. ఊళ్లో పొద్దున 14 డిగ్రీలుంటే పాలప్యాకెట్ కోసం కిందికి దిగని వీరులు, ఇప్పుడు హిమాలయాలకే సవాలు విసురుతున్నారు. ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, జిప్పు పక్కన కుట్టిన చీటీ మీది అంకె నుంచి.

కేదార్‌కంఠ చలి మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లాలో సుమారు 12,500 అడుగుల కొండ అది. డెహ్రాడూన్ నుంచి పగలంతా ఘాట్ రోడ్డు మీద ఒళ్లు హూనం చేసుకుని చేరే సాంక్రి ఊరే 6,000 అడుగులు దాటిన ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. నడి చలికాలంలో దారిలోని జూడా కా తాలాబ్ అనే చెరువు గడ్డకట్టి ఉంటుంది. రాత్రి గుడారం బయట మరిచిపోయిన నీళ్లసీసా తెల్లారేసరికి రాయి అవుతుంది. చలి నిజం. నా పేచీ అంతా ఆ చీటీతోనే.

మైనస్ ఇరవై అని తేల్చిందెవరు? స్లీపింగ్ బ్యాగులకైతే ఒక పద్ధతుంది. ఒంట్లో వేడి పుట్టించే బొమ్మను అందులో పడుకోబెట్టి కొలుస్తారు. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని వేర్వేరు అంకెలిస్తారు. ఎక్స్‌ట్రీమ్ అంకె దగ్గర హాయిగా నిద్రపడుతుందని ఎవరూ అనలేదు. ఆరు గంటల పాటు చలికి ప్రాణం పోకుండా ఉండొచ్చని మాత్రమే దాని అర్థం. వేళ్లకు పూచీ లేదు. అయినా అమ్మేవాడికి నచ్చేది, అట్ట మీద పెద్దక్షరాలకెక్కేది చాలాసార్లు ఆ అంకే. ట్రెక్కింగ్ జాకెట్లకు సాధారణంగా ఈ మాత్రం కట్టుబాటు కూడా ఉండదు. వేసుకున్నవాడు కూర్చున్నాడా నడుస్తున్నాడా, లోపల ఏం తొడుక్కున్నాడు, బయట గాలి ఎంత, ఇవేవీ అడక్కుండా జాకెట్టుకు డిగ్రీలు కట్టడమంటే, పుట్టిన వేళ అడక్కుండా జాతకం రాసివ్వడమే. జాతకం చెప్పినాయన కనీసం దక్షిణ తీసుకుని ఊరుకుంటాడు. ఈయన వచ్చే ఏడాది మైనస్ ముప్ఫై పట్టుకుని మళ్లీ వస్తాడు.

అంకె తప్పయినా ఒప్పయినా, అది దాచిపెట్టే సంగతి ఇంకోటుంది. జాకెట్టు లోపల పొయ్యేమీ ఉండదు. పొయ్యి మనిషే. కదలకుండా కూర్చున్న ఒళ్లు దాదాపు 100 వాట్ల వేడి ఇస్తుంది. అదే ఒళ్లు వీపున బ్యాగు మోస్తూ ఏటవాలు ఎక్కుతుంటే 500 వాట్లు దాటిపోతుంది. అంటే కొండెక్కే మనిషికి వేడి కొరత లేదు, పట్టలేనంత మిగులుంది. ఆ మిగులును బయటికి పోనివ్వకుండా డబ్బులిచ్చి మరీ మూత బిగించుకోవడమే మనవాళ్లు చేసే చలికాలపు సాహసయాత్ర.

సాంక్రిలో బయల్దేరే పొద్దున చూడాలి ఆ వైభవం. థర్మల్స్ మీద థర్మల్స్, వాటి మీద ఫ్లీస్, దాని మీద మైనస్ ఇరవై, ఎందుకైనా మంచిదని పైన రెయిన్‌కోటు. గ్రూపు ఫొటోకు ఆ అలంకారం సరిపోతుంది. ఫొటో అయ్యాక ఎవరైనా ఒకటి విప్పుతారేమో అనుకుంటే అది అమాయకత్వం. పదిహేను నిమిషాలు ఎక్కేసరికి ముక్కు మీంచి చెమట కారుతుంటుంది. "సార్, జాకెట్ తీసి బ్యాగులో పెట్టుకోండి" అంటాడు గైడు. "వద్దు భయ్యా, చలి పట్టేస్తుంది" అంటాడు మనవాడు, చెమట తుడుచుకుంటూ. గైడు చెప్పేది ఎంతైనా బయటివాడి మాట. "స్వెట్టర్ మాత్రం విప్పకు నాన్నా" అన్న అమ్మ మాట డెహ్రాడూన్ విమానం ఎక్కేముందు ఫోన్లో వచ్చింది. పుట్టిన నాటి నుంచి జారీ అవుతున్న ఆజ్ఞ అది, గైడు మాటకు రద్దవుతుందా?

దారి పక్కన మ్యాగీ కొట్టు దగ్గర అసలు కథ మొదలవుతుంది. నడక ఆగుతుంది, పొయ్యి 100 వాట్లకు దిగుతుంది. ఒంటికి అంటుకున్న బనియను మాత్రం తడి ముద్దగా అలాగే ఉంటుంది. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పైగా ఒక లీటరు చెమట ఆవిరైపోవాలంటే ఒంట్లోంచి 580 కిలోకేలరీల దాకా పట్టుకుపోతుంది. ప్లేటు మ్యాగీ ఆ బాకీ తీర్చలేదు. పది నిమిషాల్లో పళ్లు టకటకలాడతాయి. అప్పుడు మనవాడు చెప్పే మాట ఈ వ్యాపారమంతటికీ మూలమంత్రం: "చూశావా, మైనస్ ట్వెంటీ కూడా ఆగట్లేదు. ఈసారి మైనస్ థర్టీ తీసుకోవాలి." చలి తెప్పించింది జాకెట్టే. ఆ చలే తర్వాతి జాకెట్టుకు ప్రకటన. ఇంత చక్కగా కొనేవాడి చెమటతోనే నడిచే వ్యాపారం ఇంకోటి చూపించండి.

జాకెట్లోంచి చెమట ఎలా పోతుందని అడిగితే "నాది బ్రీతబుల్" అంటారు. నిజమే, ఊపిరాడే వాటర్‌ప్రూఫ్ గుడ్డ ఒక గొప్ప సృష్టి. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్క ఊపున లాగితే అది తెగకుండా అంత పొడవునా సాగి, లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలున్న పదార్థంగా మారింది. నీటి బొట్టు పట్టదు, ఆవిరి పడుతుంది. 1976 నాటికి అది గోర్‌టెక్స్ గుడ్డయి బజారుకొచ్చింది. అయితే అందులోంచి పోయేది ఆవిరే, కారే చెమట కాదు. ఆ ఆవిరి కూడా లోపలికీ బయటికీ తేమలో తేడా ఉంటేనే కదులుతుంది. పై గుడ్డ మీది నీరంటని పూత అరిగి, అది నానిపోతే ఆ దారీ దాదాపు మూసుకుపోతుంది. ఆవిరి ఎంత పోతుందో చెబుతూ చీటీ మీద రాసిన గ్రాముల లెక్క ప్రయోగశాలలో గుడ్డముక్కకు తీసింది. ఆ గుడ్డముక్క వీపున బ్యాగు మోయలేదు, ఏటవాలు ఎక్కలేదు, లోపల మూడు పొరలు తొడుక్కోలేదు. చంకల కింద జిప్పులు కుట్టి పంపేది జాకెట్ కంపెనీలే. వాళ్లకు నిజం తెలుసు. మనవాళ్లు ఆ జిప్పులను ఫోను పెట్టుకునే జేబులనుకుంటున్నారు.

ఇక నడుం కింద పరిస్థితి. పైన వేల రూపాయల హిమాలయ కవచం, కింద జీన్సు. ఫొటోలో బాగుంటుందట. నూలుగుడ్డ నీళ్లు పీల్చుకుంటే ఒక పట్టాన వదలదు. మోకాలి లోతు మంచులో ఒకసారి కూలబడితే సాయంత్రానికి జీన్సు దానంతటదే నిలబడుతుంది, లోపల మనిషి నిలబడకపోయినా.

మంకీ క్యాప్ మీద వేసే జోకులకు మాత్రం నేను ఒప్పుకోను. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందన్నది అతిశయోక్తి. 1970 నాటి అమెరికా సైన్యం చేతిపుస్తకం 40 నుంచి 45 శాతం అని రాసింది, లోకమంతా బట్టీపట్టింది. ఒంటి చర్మంలో తల వాటా పదో వంతే. దాని ద్వారా పోయే వేడి కూడా ఇంచుమించు అంతే. అయినా టోపీకి ఓ గొప్ప గుణముంది. నడక ఆపకుండా, బ్యాగు దించకుండా, ఒక్క చేత్తో తీసి జేబులో పెట్టుకోవచ్చు. మళ్లీ ఒక్క చేత్తో తగిలించుకోవచ్చు. అంత తేలిగ్గా తగ్గించి పెంచుకోగలిగిన వెచ్చదనం ఇంకే గుడ్డలోనూ లేదు. మనవాళ్లు దాన్ని గడ్డం దాకా లాగి, పైన జాకెట్ హుడ్ బిగించి, దాని మీద హెడ్‌ల్యాంప్ కట్టి శాశ్వత ప్రతిష్ఠ చేస్తారు.

రాత్రి క్యాంపులో రమ్ము వైద్యుడొకడు తప్పకుండా ఉంటాడు. "ఒక పెగ్గు పడితే వేడెక్కుతుంది బావా" అంటాడు. వేడెక్కేది చర్మం. మందు చర్మం కింది రక్తనాళాలను తెరిచేస్తుంది, గుండె దగ్గర ఉండాల్సిన వేడి రక్తం చర్మానికొచ్చి చల్లారిపోతుంది. ఇంట్లో హీటర్ వేసి తలుపులన్నీ బార్లా తెరిచి, వీధి వెచ్చబడిందని సంతోషించే వైద్యమిది.

వేడిని ఎప్పుడు వదలాలో, ఎప్పుడు పట్టి ఉంచాలో పాత జనానికి తెలుసు. 1933లో హెన్రిక్ బ్రున్ అనే నార్వే సైన్యాధికారి చేపల వలలతో బనియను చేయించాడు. అంతా కంతలే. నడుస్తున్నప్పుడు ఆ కంతల్లోంచి చెమట ఆవిరి పోతుంది, ఆగి పైన చొక్కా గుండీలు పెడితే అవే కంతల్లో గాలి నిలిచి వెచ్చగా ఉంచుతుంది. చిల్లుల బనియను వేసుకున్నవాణ్ని మనం పేదవాడంటాం. నార్వేలో వాడు నిపుణుడు. అంతదూరం ఎందుకు, తెలంగాణలో గొర్రెలు కాసే కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడిని నెత్తి మీదుగా కప్పుకుని వానలో నిలబడ్డారు. ఉన్ని తడిసినా నూలులా వెచ్చదనాన్ని పూర్తిగా వదలదు. ఆ గొంగడిని ముతక అని పారేసినవాళ్ల మనవలే ఇప్పుడు ఆస్ట్రేలియా గొర్రె ఉన్ని బనియనుకు మెరీనో అని పేరుంటే కళ్లకద్దుకుని కొంటున్నారు.

2014 మే 25న మన గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మనందరం ఫొటోలో వాళ్ల ఉబ్బెత్తు సూట్లే చూశాం. భువనగిరి కొండరాయి మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్ చలి దాకా సాగిన శిక్షణ ఫొటోలో పడదు. ఫొటోలో పడని దాన్ని అమ్మడమూ కష్టమే.

చలిని గెలిచే విద్య నిజానికి చాలా చవక. బయల్దేరేటప్పుడు కాస్త చలేయాలి. చలేయడం లేదంటే ఎక్కువ తొడుక్కున్నట్టే. చెమట పట్టబోతుండగానే ఆగి ఒక పొర తీయాలి. విశ్రాంతికి ఆగిన మరుక్షణం, వణుకు రాకముందే, తీసిన పొర మళ్లీ వేయాలి. బ్యాగులో ఒక పొడి జత రాత్రి కోసమే ఉండాలి. పొద్దున దాన్ని విప్పి దాచి, నిన్నటి చల్లటి జతలోకే మళ్లీ దూరాలి. ఆ రెండు నిమిషాలే హిమాలయాల్లో అసలు సాహసం. ఎవరూ దాని వీడియో పెట్టరు. మైనస్ ఇరవై జాకెట్టుకూ ఇందులో గౌరవస్థానముంది. క్యాంపులోనూ, తెల్లవారుజామున శిఖరం మీద నిలబడ్డప్పుడూ అదే రాజు. ఎక్కేటప్పుడు రాజుగారు పల్లకీలో, అంటే బ్యాగులో ఉండాలి.

ఇదంతా పోర్టర్లు మన కళ్లముందే చేస్తుంటారు. మన బ్యాగులు కూడా మోస్తూ పల్చటి చొక్కాతో ఎక్కుతారు, ఆగగానే కోటు తొడుక్కుంటారు. "పాపం, స్వెట్టర్ కూడా లేదు" అని మనవాళ్లు జాలిపడి ఫొటో తీస్తారు. వాళ్లలో చాలామందికి మంచి బూట్లు, జాకెట్లు లేకపోవడం అన్యాయమే, దాని మీద వేరే రాయాలి. ఎక్కేటప్పుడు వాళ్లు వేసుకోకపోవడం మాత్రం పేదరికం కాదు, తెలివి.

నవ్వులాట ఒక హద్దు వరకే. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతే దాన్ని హైపోథర్మియా అంటారు. ముందు వణుకు, తర్వాత మాట ముద్దకట్టడం, వేళ్లు జిప్పును పట్టుకోలేకపోవడం, కాళ్లు తడబడటం. ఇంకా పడిపోతే వణుకు కూడా ఆగిపోతుంది. పక్కవాళ్లు "తగ్గిందిలే" అనుకుంటారు. చివరి దశలో కొందరు ఒళ్లు మండిపోతున్నట్టు భ్రమపడి, మంచులో తమ బట్టలు తామే విప్పేసుకుంటారు. వైద్యశాస్త్రంలో నమోదైన లక్షణమిది. పగటిపూట, ఎండలో, గైడు బతిమాలినా విప్పని జాకెట్టును ఒళ్లే అర్ధరాత్రి విప్పించగలదన్నమాట.

కాబట్టి కంపెనీలకు నాదొక్కటే విన్నపం. ఆ చీటీ మీద డిగ్రీలు తీసేసి, అదే సైజు అక్షరాల్లో "ఎక్కేటప్పుడు విప్పండి" అని ముద్రించండి. వాళ్లు ముద్రించరు. వేసుకోమని చెప్పి డబ్బు చేసుకోవచ్చు గానీ, విప్పమని చెప్పి బాగుపడ్డ బట్టల కొట్టు లేదు. అందుకే ఆ మాట గైడు చెబుతాడు, ఉచితంగా. ఉచితంగా వచ్చింది గనుకే మనవాడు వినడు.