హరాల్డ్ మహారాజుకు గద్వాల అర్జీ

డెన్మార్క్ ప్రభువులు హరాల్డ్ బ్లూటూత్ మహారాజుల వారి సముఖమునకు, గద్వాలలో డీటీపీ చేసుకు బతికే ఒకానొకడు విన్నవించుకునేది:

రాజులకు అర్జీలు పెట్టుకోవడం మాకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి రెండూ ఒకప్పటి సంస్థానాలే. ఇప్పుడు గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తున్నాయి. వినే ప్రభువు దొరక్క వెయ్యేళ్ల కిందట పోయిన మీ దాకా రావలసి వచ్చింది. మీరు పదో శతాబ్దంలో డేన్లను ఒక్క రాజ్యం కిందికి తెచ్చారని, పరికరాలను కలిపే రేడియోకు 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ మీ పేరు సూచించాడు. మాదేమో విడిపోయిన గడ్డ. 2016 అక్టోబర్ 11న పాలమూరు నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలయ్యాయి. అయినా ఈ మూడూళ్ల మధ్య బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. నా టేబులు మీద మూరెడు దూరంలో ఉన్న కీబోర్డుకూ సీపీయూకూ మాత్రం రాకపోకలు లేవు.

కీబోర్డు వనపర్తిలో కొన్నది, మీ వంశమే. సిస్టమ్ ఆన్ చేయగానే, విండోస్ ఇంకా రాకముందే, పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ రేడియో నిద్ర లేచేది విండోస్ వచ్చాక. పాస్‌వర్డ్ కొడితే గాని విండోస్ రాదు, విండోస్ వస్తే గాని కీబోర్డు పలకదు.

మౌస్ నాగర్‌కర్నూల్‌ది, సొంత డాంగిల్‌తో వచ్చింది. పోట్లాట మాత్రం మీ పొలంలోనే. 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న జాగా మా ఊళ్ల బంచరాయి లాంటిది. ఇక్కడ లైసెన్సు అక్కర్లేదని 2005లో ఢిల్లీ సర్కారు చెప్పేసింది. ఎవరి గొడ్డయినా మేయొచ్చు, నా గడ్డి పోయిందని ఫిర్యాదు చేసే హక్కు ఎవరికీ లేదు. మా వైఫై, పక్కింటి వైఫై, మైక్రోవేవ్ పొయ్యి, అన్నీ అక్కడే. అందులోనే మీ రేడియో 79 చానళ్ల మీద సెకనుకు 1,600 సార్లు గెంతుతూ దారి వెతుక్కుంటుంది. ఆ ఓపికకు దండం.

అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టే నీలం యూఎస్‌బీ 3.0 పోర్టు పనిలో ఉన్నప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రొద పుట్టిస్తుందని ఇంటెల్ వారే 2012లో పత్రం రాశారు. నా డాంగిల్ దాని పక్కనే, సీపీయూ రేకు డబ్బా వెనకాల. ఫైలు కాపీ మొదలైతే మౌస్ బాణం తాగినోడిలా తూలుతుంది.

షాపు పిల్లగాడు చూసి, ‘‘డాంగిల్ ముందలికి రావాలె సార్, ఈ ఎక్స్‌టెన్షన్ వైరు తీస్కపోండ్రి’’ అన్నాడు. వైరు లేని మౌస్ నడవడానికి వైరు కొన్నాను. నడుస్తోంది. కడుపుమంటంతా అదే.

కాబట్టి ప్రభువులు దయతలచి, అట్టపెట్టెల మీద ‘వైరు విడిగా కొనుక్కోవలెను’ అని పెద్దక్షరాలతో అచ్చు వేయించవలసిందిగా ప్రార్థన. సొంత కొడుకు స్వెయినే తిరగబడి మిమ్మల్ని గద్దె దించాడు గనుక, కనెక్షన్ తెగడమంటే ఏమిటో తమకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇట్లు,
తమ విధేయుడు

నకలు: స్వెయిన్ గారికి, సమాచారం నిమిత్తం.