పరిష్కార ప్రభువుకు బిరుదావళి

శ్రీమత్సమస్యాగజఘటాపంచానన, నివేదికాసహస్రభూషణ, శంకుస్థాపనాధురంధర, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ నవయౌవనం దాల్చే ప్రణాళికామన్మథ, ఢిల్లీలో, రాయ్‌పూర్‌లో, హైదరాబాదులో, న్యూయార్క్‌లో ఏకకాలంలో కొలువుతీరే సర్వాంతర్యామి శ్రీశ్రీశ్రీ పరిష్కార ప్రభువుల వారి దివ్యసముఖానికి, తెలుగు వందిమాగధుడొకడు వినయంగా చదివి వినిపించుకునే ప్రశస్తి.

1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్ళి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో రాజ్యం నిలిపాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. ఆయన వెంట మా పొగడ్త కూడా ఆ అడవి చేరే ఉంటుంది గనుక బస్తర్‌ను ఏలేవారిని కీర్తించడం మాకు వంశపారంపర్యపు మిరాసీ. ఆ వంశంవాడైన ప్రవీరచంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్‌లో తన కోటలోనే పోలీసు కాల్పుల్లో మరణించినప్పటి నుంచి బిరుదులన్నీ మోసేవాడు లేక మూలపడి ఉన్నాయి. వెతకగా వెతకగా అంత బరువు మోయగల భుజాలు తమరివేనని తేలింది.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు కూడబలుక్కుని పేదరికం, ఆకలి, రోగం, నిరక్షరాస్యత వగైరాలను 2030లోగా వదిలిస్తామని 17 లక్ష్యాలు రాసుకున్నాయి. వాళ్ళు పామరులు. కష్టం ఎక్కడుందో వెతకాలి, ఎందుకొచ్చిందో అడగాలి, కష్టపడేవాడి మాట వినాలి అనుకునే పాతకాలపు మనుషులు. మనుషులను ఆ చోటి నుంచి తప్పిస్తే కష్టానికి ఆశ్రయమే ఉండదన్న సూక్ష్మం తమరికి తట్టింది. ఆ శాస్త్రానికి బస్తరే ప్రయోగశాల కావడం ఆ నేల పూర్వజన్మ సుకృతం.

తమరి కరుణ మొదట ప్రసరించింది రాతి మీద. యుగాలుగా ఎక్కడికీ వెళ్ళే యోగం లేక అడవిలో పడి ఉన్న బైలాడిల ఇనుపరాతిని చూసి తమరి హృదయం ద్రవించింది. దానికోసం తూర్పుకనుమలను తొలిపించి, లోయల మీద వంతెనలు నిలబెట్టి, కిరండూల్ నుంచి అరకు మీదుగా కొత్తవలస దాకా సుమారు 450 కిలోమీటర్ల రైలుదారిని 1960లలోనే వేయించారు. 1968 నుంచి ఆ రాయి విశాఖ రేవులో ఓడెక్కి జపాన్ చూసి వస్తోంది. వస్తోంది అనకూడదేమో, వెళుతోంది. రైలుకుదుపులకు దాని ఒళ్ళు నొస్తుందని తలచి తరువాతి కాలంలో 267 కిలోమీటర్ల గొట్టం కూడా వేయించారు. రాతిని మెత్తగా నూరి, నీళ్ళలో కలిపితే, అది చల్లగా జారుకుంటూ విశాఖ చేరుతుంది. చెలమ పక్కన కూర్చుని కుండ నిండేదాకా చిప్పతో నీళ్ళు తోడుకునే కోయ ఇల్లాలు, తన కొండ ఎంత సుఖంగా స్నానమాడుతూ సముద్రానికి పోతోందో తలుచుకుని కడుపు నింపుకోవచ్చు. మనుషులకు తమరు దయచేసింది మాత్రం ఒకటి రెండు ప్యాసింజర్ బళ్ళే, అవీ బంద్ పిలుపు వినపడితే దంతెవాడలోనే ఆగిపోయేవి. అతిగా తిరిగి ఆరోగ్యం చెడగొట్టుకోకుండా ప్రజలను ఇంత జాగ్రత్తగా కాపాడే ఏలిక ఏ పురాణంలోనూ లేడు.

శంఖిని నదికి తమరు చేసిన అలంకారం వర్ణించడానికి నాకున్న నాలుక చాలదు. గనుల బురదతో ఆ నీళ్ళు ఎంత ఎర్రబడ్డాయంటే ఊళ్ళవాళ్ళు ‘లాల్ పానీ’ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆ శంఖిని పోయి డంకినితో కలిసేది దంతెవాడలో, దంతేశ్వరి గుడి ముంగిట. అమ్మవారికి కుంకుమ ఖర్చు మిగిల్చిన భక్తాగ్రేసరులు తమరు.

ఇన్ని దశాబ్దాలు ఇనుము ఇచ్చిన నేలను ఉత్తచేతులతో ఉంచడం తమరి ఔదార్యానికి సరిపడదు గనుక, 2018లో బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాలకు ఏడింటికీ, వెనుకబడినవాటికిచ్చే ‘ఆకాంక్షిత జిల్లా’ బిరుదం ప్రసాదించారు. యాభై ఏళ్ళు తవ్వుకున్నాక కూడా ఆ జిల్లాల్లో ఆశ అరగకుండా నిలపడం సామాన్యులకు సాధ్యమయ్యే విద్య కాదు. ఆ తవ్వకాల లెక్కలు చూసే ప్రభుత్వ సంస్థ ప్రధాన కార్యాలయం మా హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఉందని చెప్పుకోవడం మాకూ గర్వకారణమే. ఆకాంక్ష అక్కడ, ఖాతా ఇక్కడ!

ఇక విద్య, ఉపాధి. లోకంలో ఈ రెండిటికీ వేరువేరు మంత్రులుంటారు. తమరు 2005లో, మావోయిస్టులమీదికి ఆదివాసులనే ఉసిగొల్పిన సల్వాజుడుం పుణ్యాన, రెంటినీ ఒక్క తుపాకీలో ఇమిడ్చారు. ఐదో తరగతి దాటిన కుర్రవాణ్ణి ఎంచి, రెండు నెలల్లో శిక్షాస్మృతి, సాక్ష్యాధార చట్టం, మానవ హక్కులు, ఆయుధవిద్య అన్నీ నేర్పి, నెలకు 3,000 రూపాయలు మించని గౌరవ భృతిమీద ప్రత్యేక పోలీసు అధికారిని చేసి, సొంత మేనమామ ఊరిమీదికే పంపారు. లా కాలేజీల్లో ఏళ్ళకేళ్ళు కూర్చునేవాళ్ళు సిగ్గుతో తల వంచుకోవాలి. ఈ మహావిద్యలోని మర్మం అందక, మా తెలుగువాడే అయిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌తో కలిసి 2011 జూలై 5న అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, తుపాకులు వెనక్కి తీసుకోమన్నారు. తమరు పల్లెత్తు మాటనలేదు. ఆ ఏడాదే కొత్త చట్టం చేసి, అదే పిల్లలకు సహాయక సాయుధ పోలీసు బలమని కొత్త పేరు పెట్టుకున్నారు. తీర్పును తొక్కకుండా, దాటకుండా, దాని చుట్టూ ఇంత భక్తిగా ప్రదక్షిణం చేసిన రాజ్యం మరొకటి ఉంటే చూపించమనండి.

సత్యం పట్ల తమరి ఓర్పు కూడా అంతటిదే. 2012 జూన్ 28 రాత్రి సార్కేగూడలో విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నవారిలో 17 మంది, పిల్లలతో సహా, కాల్పుల్లో పోయారు. ఆ మర్నాడే వాళ్ళను మావోయిస్టులుగా గుర్తించడానికి తమరికి విచారణ అక్కరలేకపోయింది. కాదని చెప్పడానికి న్యాయవిచారణ కమిషన్‌కు 2019 దాకా పట్టింది. 2013లో ఎడెస్‌మెట్టలోనూ విత్తనాల పండుగే, కాల్పులే, కమిషనే. అబద్ధానికి ఒక్క పూట, నిజానికి ఏడేళ్ళు ఇచ్చారంటే తమరికి ఏది ఎక్కువ ప్రియమో లోకమే తేల్చుకుంటుంది.

అడిగినవాడికి అడిగింది ఇస్తే అది బేరం, అడగనిది ఇస్తేనే వరం. ఈ రహస్యం ఎరిగినవారు గనుకే, ఆసుపత్రి, బడి అన్న సిల్గేర్ జనానికి తమరు 2021 మేలో భద్రతా బలగాల క్యాంపు ప్రసాదించారు. వరం వద్దని మొరపెట్టుకున్న గుంపుమీద మే 17న కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. వరాలు కాదనేవారికి పురాణాల్లో కూడా మంచి జరిగినట్టు లేదు.

ఒక్కరినే పొగిడితే పక్షపాతమంటారు. అడవిలోపల కొలువుతీర్చిన ‘లోపలివాళ్ళ’కు, అంటే మావోయిస్టులకు కూడా ఈ దండలో సగం పూలు రావాలి. వారి అగ్రాసనాలు చాలాకాలం మా తెలుగువారివే కాబట్టి స్వజాతి అభిమానం నన్ను ఊరుకోనివ్వదు. పోలీసులు విడిది చేస్తారేమోనన్న ముందుచూపుతో బడి కట్టడాన్నే పేల్చి, పిల్లలకు చదువు భారం తప్పించిన విద్యావేత్తలు వారు. ‘ఇన్ఫార్మర్’ అన్న ఒక్క మాటతో ఫిర్యాదు, విచారణ, తీర్పు, అమలు ఒకే పూటలో ముగించి, పెండింగు కేసులన్న జాడ్యమే లేని న్యాయస్థానం నడిపిన ధర్మమూర్తులు. జీతం కోసం పల్లెల నుంచి వచ్చిన జవాన్లలో కూడా వర్గశత్రువును పోల్చుకుని, 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మందిని ఒక్క ఉదయాన చంపిన సూక్ష్మదర్శులు. తమరికీ వారికీ మధ్య పడి కోయవాడు పొందిన రక్షణ ఎంతటిదంటే, పగలొకరు, రాత్రొకరు తలుపు తట్టి యోగక్షేమాలు అడిగేవారు.

ఆ లోపలివాళ్ళ సంగతికి తమరు 2026 మార్చి 31 అని తిథి నిర్ణయించారు. మలేరియాకు, మంచినీటికి, పోషణ లేని పిల్లలకు పెట్టిన తిథుల విషయంలో ఇంత పట్టుదల చూపి వాటిని భయపెట్టకపోవడం తమరి అహింసాతత్పరత.

పత్రికలకు తమరి రాజ్యంలో ఎంత లోతైన చోటు దొరుకుతుందో కూడా రికార్డు కావాలి. బీజాపూర్ విలేకరి ముఖేశ్ చంద్రాకర్ గంగలూరు రోడ్డు ఎలా వేశారో లోకానికి చూపించాడు. 2025 జనవరి 3న ఆయన శవం ఒక కాంట్రాక్టరు ఆవరణలో, కొత్తగా కాంక్రీటు పోసి మూసిన సెప్టిక్ ట్యాంకులో దొరికింది. బస్తర్‌లో కాంక్రీటు పని గట్టిగా చేయరన్న అపవాదు ఆ రోజుతో తొలగిపోయింది.

ఇన్ని వైభవాలు భరించలేక, సల్వాజుడుం కాలంలో వందల ఊళ్ళు ఖాళీ అయి, వేలాది కుటుంబాలు గోదావరి తీరానికి, మా ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చి పడ్డాయి. వారిని మేము గొత్తికోయలంటాం. ఇక్కడ తమరి తెలుగు అవతారం ప్రదర్శించిన చాతుర్యం ముందు బస్తర్ లీలలు వెలవెలబోతాయి. సరిహద్దు దాటగానే వారు షెడ్యూల్డ్ తెగ కాకుండా పోయారు. అవతల పుట్టుకతో గిరిజనులు, ఇవతల కేవలం వలసజీవులు. తెగ, కులం, తరతరాల పూర్వీకులు అన్నీ ఒక్క వాగు దాటేసరికి రాలిపోయేలా చేయడం ఏ యోగికీ చేతకాని పరకాయప్రవేశం. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే పట్టా ఇమ్మంటుంది. ఊళ్ళు తగలబడటం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఆరు నెలల్లో పారిపోయి, అడవి కొట్టి, విత్తనం చల్లి, ఆ తేదీకల్లా పాత కాపుల్లా కనపడలేని వారి సోమరితనానికి తమరేం చేస్తారు? 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు ఆ సోమరులను దూరంగా నిలబెట్టడం న్యాయమే.

అతిథి మర్యాదలోనూ మేము తమరి శిష్యులమే. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ రాజవంశపు వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను పిలిచి, డప్పులతో, పూలతో వరంగల్ వీధుల్లో ఊరేగించుకున్నాం. ఏడువందల ఏళ్ళ నాటి చుట్టరికం గుర్తుపెట్టుకున్న జాతి మాది. అదే బస్తర్ నుంచి రాజు కానివారు వచ్చినప్పుడు, 2017 సెప్టెంబరులో, తాడ్వాయి అడవిలోని జలగలంచకు జేసీబీని ఎదురుపంపాం. వాళ్ళ గుడిసెలు నేలమట్టమయ్యాయి.

మాకు వాళ్ళమీద ప్రేమ లేదనడం అన్యాయం. మిరపకాయ ఎర్రబడ్డప్పుడు చర్ల నుంచి ఏటూరునాగారం దాకా రైతులందరికీ గొత్తికోయలు గుర్తొస్తారు. బండ్లు పంపి మరీ పిలిపించుకుంటాం. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ పడ్డప్పుడు పేరూరు మిరప తోటల్లో పనిచేసే 12 ఏళ్ళ పిల్ల ఒకతె బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన కాలినడకన బయలుదేరింది. మూడు రోజులు నడిచి, ఊరు దగ్గరపడ్డాక చనిపోయింది. తమరి వైద్యశాఖ వెంటనే స్పందించి, శవానికి పరీక్ష చేసి, కరోనా లేదని తేల్చింది. ఆ నడకలో ఒక్క డాక్టరూ చూడని పిల్లకు ఆరోగ్యవంతురాలని ధ్రువీకరణ ఇప్పించిన ప్రజారోగ్య వ్యవస్థను ప్రపంచం ఇంకా సరిగ్గా గుర్తించలేదు.

కిట్టనివాళ్ళు కొందరు తమరికి చిన్న చిన్న ఉపాయాలు చెబుతూ ఉంటారు. అవతల గిరిజనుడైనవాణ్ణి ఇవతల కూడా గిరిజనుడనమంటారు. 2005 డిసెంబరుకు ముందే అన్యాయంగా వెళ్ళగొట్టబడినవారికి పునరావాసం హక్కని అదే అటవీ చట్టంలో ఉన్న వాక్యాన్ని ఒకసారి చదవమంటారు. లోహండిగూడ చూపిస్తారు: టాటా ఉక్కు కర్మాగారం కోసం 2008లో తీసుకున్న భూమిని, అది రాకపోయేసరికి, 2019లో రైతులకు తిరిగి ఇచ్చారు కదా, ఆకాశమేమీ కూలలేదు కదా అంటారు. తమరు చిరునవ్వుతో ఊరుకుంటారు. ఆ ఉపాయాల్లో గొట్టం లేదు, టెండరు లేదు, హెలికాప్టరు దిగే చోటు లేదు. తమరి స్థాయికి తగిన పనులా అవి! ఊరి భూమిమీద ఊరికే మాట ఉండాలన్న పీసా చట్టం 1996లో వస్తే, ఛత్తీస్‌గఢ్‌లో దాని నియమాలు 2022లో వెలువడ్డాయి. ఇరవయ్యారేళ్ళు అటకమీద మాగబెట్టడం వల్లే దానికి ఆ పరిమళం.

నిజానికి తమరికి నియమాలతో పని లేదు. బైలాడిలలో పదమూడో నిక్షేపం తవ్వడానికి హిరోలీ గ్రామసభ 2014లోనే ఒప్పుకున్నట్టు కాగితం ఉంది. అది తమ దేవుడు నందరాజ్ కొలువున్న కొండని, అలాంటి సభ జరిగినట్టే తమకు తెలియదని 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు కిరండూల్ చేరి రోజుల తరబడి కూర్చున్నారు. జనం రాకుండానే సభ జరిపి, నోరు విప్పకుండానే సమ్మతి రాబట్టిన నైపుణ్యం చూశాక 17 లక్ష్యాలు తమరికి 17 నిమిషాల పని అని రూఢి అయింది.

ఇంతకన్నా పొగడడానికి నా దగ్గర సమాసాలు లేవు. అక్షింతలకు బదులు ఒక చిన్న మనవి స్వీకరించండి: ఈసారి ఆ కొండమీద గ్రామసభ ఎప్పుడో ముందుగా ఊళ్ళో దండోరా వేయించండి. వాళ్ళు కూడా వస్తారు.